డబ్బాలో ఐదు రొయ్యలు

ఇరవై ఏళ్ల కిందట, నరసాపురం పాసింజర్లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన టిఫిన్ డబ్బా మూత తీసి నాకు చూపించాడు. లోపల ఐదు మెత్తటి ప్లాస్టిక్ రొయ్యలు, గాలానికి గుచ్చే ఎరలు.

“మా ఆవిడ పాత ప్లాస్టిక్ బొమ్మలు కరిగించి, రంగులు కలిపి చేసేదండి. ఆ రంగుకి పండుగప్ప చేప పడకుండా ఉండేది కాదు. ఆవిడ పోయాక ఒక్కటే మిగిలింది. ఆవిడ అచ్చులోనే నేను నాలుగు పోసి, రంగు పోల్చుకుందామని దాని పక్కనే పెట్టానండి. వేడికి ఒకదాని రంగు ఇంకోదానికి దిగిపోయింది.”

ఐదూ ఒకే బురద రంగులో ఉన్నాయి.

“ఆవిడది ఏదంటారండి?”

నాకు తెలియలేదు. ఆయన చూపు భరించలేక ఒకదాన్ని చూపించాను. దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని నిడదవోలులో దిగిపోయాడు.

మిగతా నాలుగూ డబ్బాతో పాటు సీటు మీదే వదిలేశాడు. వాటిని నేను ఇప్పటికీ పారేయలేకపోతున్నాను.