ఫ్రిజ్ ఫోన్ చేయదు

వదినను ఆడపడుచు పొగడటం మీరెప్పుడూ విని ఉండరు. ఇప్పుడు వినండి. నేనూ మా వదినా ఒకే ఆసుపత్రిలో, కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాం. నన్ను చూసి అక్కడ అందరూ, వయసులో పెద్దవాడైన మా ఆఫీసరుతో సహా, ఆమెను వదిన అనే పిలుస్తారు. గ్యాస్ కట్టేశానని అన్నయ్య ఒట్టేసి చెప్పినా, లేచి వెళ్లి చేత్తో తిప్పి చూస్తే గానీ ఆమెకు నమ్మకం కుదరదు.

ఆ ఉదయం, ఆసుపత్రి నెట్‌వర్క్ లైన్లను కనిపెట్టుకుని ఉండే డ్యాష్‌బోర్డును ఆమె కంటైనర్‌లోకి మార్చింది. కంటైనర్ అంటే కంప్యూటర్‌లోనే విడిగా ఉండే పెట్టెలాంటిది. మేం డబ్బా అంటాం. మార్చగానే తెర మీద లైన్లన్నీ తెగిపోయినట్టు ఎర్రబడ్డాయి. కంగారుగా వార్డులకు ఫోన్ చేస్తే, అంతా బాగానే ఉందన్నారు.

"తెరే అబద్ధమాడుతోంది. రేపు చూద్దాంలే వదినా," అన్నాడు ఆఫీసరు.

"వార్డులో లైను పోతే మనుషులు ఫోన్ చేస్తారు సార్. రక్తం దాచే గదిలో మనుషులుండరు. ఫ్రిజ్ ఫోన్ చేస్తుందా?"

ఆ ఫ్రిజ్ వేడెక్కితే హెచ్చరిక రావలసింది ఆ లైను మీదే.

లైన్లను పలకరించి చూసేది ఒక చిన్న ప్రోగ్రాం. అది ఏ ఫోల్డర్‌లో ఉందో డ్యాష్‌బోర్డుకు మనమే రాసిపెట్టాలి. నేను కంప్యూటర్లో వెతికి, "రాసిన చోటే ఉంది కదా!" అని విసుక్కున్నాను. ఆమె డబ్బా లోపలికి వెళ్లి చూసింది. అక్కడ అదే ప్రోగ్రాం వేరే ఫోల్డర్‌లో ఉంది. నేను వీధిలో నిలబడి ఇంట్లో అలమర వెతికానన్నమాట.

"పొరపాటు నాదే. పాత సెట్టింగ్స్ ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టేశాను," అని నాలుక్కరుచుకుని, ఆ ఫోల్డర్ దారి ఒక్కటీ సరిచేసి డబ్బాను మళ్లీ నడిపించింది.

లైన్లన్నీ ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. రక్తం గది లైను మాత్రం ఎర్రగానే ఉండిపోయింది.

"అదీ అబద్ధమేలే," అని ఆఫీసరు నవ్వేలోపే ఆమె మెట్లు దిగిపోయింది. వెనకే నేనూ పరిగెత్తాను. ఆ గదిలో కరెంటు లేదు, ఫ్రిజ్ చప్పుడు లేదు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తూనే ఫ్రిజ్ లోపలి వేడి ఎంతుందో చూసింది. హద్దు దాటలేదు గానీ, దాటడానికి ఎంతో దూరం లేదు. కరెంటు వచ్చాక కూడా, ఫ్రిజ్ మీద చెయ్యి ఆనించి చప్పుడు మొదలైందని నమ్మకం కుదిరాకే అక్కణ్ణుంచి కదిలింది. ఈమె మా ఇంటి మనిషి అని నా గుండె ఉప్పొంగింది. దాచుకోవడం దేనికి?

ఆ సాయంత్రం కాన్పు కష్టమైన ఒకామెకు ఆ ఫ్రిజ్‌లోని రక్తమే ఎక్కించారు.