ఉండారా నల్లరాళ్ళలో దారి తప్పిన ఆదివారం

సిడ్నీ శివారు టూంగాబీలో నా గదిలో నాలుగు రోజులు గడిచాక ఒక సంగతి గమనించాను. ఆ నాలుగు రోజుల్లో నేను నోరు తెరిచి పైకి అన్న మాటలు రెండే. రెండూ థాంక్యూలే, రొట్టెల షాపులో. 1991 సెప్టెంబరు అది. బ్లాక్‌టౌన్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. సెలవులు పేరుకుపోయాయి, వాడుకోకపోతే పోతాయని వార్డు సిస్టరు నన్ను దాదాపు బలవంతంగా ఇంటికి పంపింది. నాతో కలిసి ఉండే మలయాళీ నర్సు లీల తమ్ముడి పెళ్ళికని కొట్టాయం వెళ్ళింది. మా ఆయన ప్రభాకర్, ఏడేళ్ళ మా పాప సునీత ఏలూరులో ఉన్నారు. నేను వచ్చి ఏడాదిన్నర దాటింది. వాళ్ళ వీసాలు ఎప్పుడొస్తాయో అడిగితే ఆఫీసులో ఎప్పుడూ ఒకటే జవాబు: ప్రాసెస్‌లో ఉంది.

అయిదో రోజు బ్లాక్‌టౌన్ స్టేషన్ పక్కనున్న ట్రావెల్ ఏజెన్సీ అద్దంలో ఒక పోస్టరు చూశాను. పెద్ద రాతి సొరంగం, దాని నోట్లో చీమంత మనిషి. లోపలికి వెళ్ళి ఇదెక్కడని అడిగాను. "ఉండారా. చల్లారిపోయిన అగ్నిపర్వతాలు, లావా గుహలు. కెయిర్న్స్ నుంచి లోపలికి వెళ్ళాలి" అన్నాడు అక్కడి కుర్రాడు. తర్వాత పెన్ను తీసి, "టికెట్లు ఇద్దరికా?" అన్నాడు. ఒక్కరికేనని చెప్పాను. ఆ ఏడాది ఒక కొత్త విమాన సంస్థ వచ్చి ధరల పోటీ మొదలుపెట్టడంతో కెయిర్న్స్ టికెట్టు మామూలు ధరలో సగానికే దొరికింది. మా ఆయనకు చెప్పలేదు. ఒక్కదానివే ఎడారికా అని కంగారు పడతారని. చర్చిలోనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే తోడెవరని అడుగుతారు.

మీలో ఎవరైనా ఇటు వెళ్ళాలనుకుంటే దారి ఇదీ. సిడ్నీ నుంచి కెయిర్న్స్‌కి విమానంలో మూడు గంటలు. రాత్రి అక్కడ పడుకుని తెల్లవారుజామున, అక్కడివాళ్ళు గల్ఫ్ అనే ఉత్తర తీరం వైపు వెళ్ళే బస్సెక్కాలి. అప్పట్లో అది వారంలో కొన్ని రోజులే నడిచేది, ముందే కనుక్కోవాలి. బస్సు మొదట చిక్కటి వానఅడవిలో కొండెక్కుతుంది. పైన పాల డెయిరీలు, మొక్కజొన్న చేలు, ఇంచుమించు మన కోనసీమంత పచ్చదనం. రేవెన్స్‌హో అనే ఊరు దాటాక ఎవరో దీపం ఆర్పినట్టు ఆ పచ్చదనం పోతుంది. తారురోడ్డు ఒక్క బండి పట్టేంత సన్నబడుతుంది. ఎదురుగా మూడు ట్రెయిలర్ల లారీ వస్తే బస్సు పక్కనున్న ఎర్రమట్టిలోకి దిగి ఆగాల్సిందే. ఎండిన గడ్డి, మనిషెత్తు చీమల పుట్టలు, సగం ఎండిన చెట్లు. ఇసుక తిన్నెలు లేవు కాబట్టి అక్కడివాళ్ళు దీన్ని ఎడారి అనరు. గంటసేపు కిటికీలోంచి చూసి ఒక్క ఇల్లూ కనబడని నేలని నేను మాత్రం ఇంకేమీ అనలేను.

మధ్యాహ్నం ఒక మట్టిరోడ్డు మొదట్లో బస్సు నన్ను దింపేసి వెళ్ళిపోయింది. అక్కడ కెన్ అనే అరవై ఏళ్ళ మనిషి జీపు వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నేను ఉండబోయేది ఒక పశువుల స్టేషన్. స్టేషనంటే రైలుది కాదు, వేల ఎకరాల పశువుల క్షేత్రం. మాంసం ధరలు పడిపోయాక యజమానులు నాలుగు గదులు కట్టి యాత్రికులకు ఇస్తున్నారు, భోజనంతో కలిపి రోజుకి నలభై డాలర్లు. కెన్ బండి నడుపుతాడు, గుహలు చూపిస్తాడు. మొయిరా అనే ఆమె వంట చేస్తుంది. జీపెక్కగానే కెన్ నా సంచీ చూసి, "ఇంతేనా లగేజీ? మీ ఆయన వెనక బస్సులో వస్తున్నాడా?" అన్నాడు. వెనక బస్సు లేదని ఇద్దరికీ తెలుసు. నవ్వాను.

మర్నాడు శనివారం కెన్ మమ్మల్ని గుహలకు తీసుకెళ్ళాడు. మేమంటే నేను, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. దాదాపు రెండు లక్షల ఏళ్ళ కిందట ఇక్కడ ఒక అగ్నిపర్వతం లావా కక్కింది. అది వాగులా పారుతుంటే పాల మీద మీగడలా పైభాగం గట్టిపడింది, లోపలి వేడి ద్రవం ముందుకు సాగిపోయింది. మిగిలింది బోలు గొట్టం. రైలు పట్టేంత గొట్టం. అక్కడక్కడ కప్పు కూలిన చోట గుంటలు పడి, వాటిలో నీడ, చెమ్మ చేరి చిన్న అడవులు పెరిగాయి. బయటంతా ఎండుగడ్డి, ఆ గుంటల్లో మాత్రం ముదురాకుపచ్చ. లోపల కెన్ టార్చి ఆర్పి, "కాసేపు ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. నాకది కష్టం కాలేదు. చీకట్లో ముసలాయన చెయ్యి కోసం ముసలావిడ తడుముకున్న చప్పుడు వినబడింది. బయటికొచ్చాక వాళ్ళు కెమెరా నాకిచ్చి ఫొటో తీయమన్నారు. మూడు తీశాను. నా కెమెరా సంచీలోనే ఉండిపోయింది.

ఆదివారం వాళ్ళు తమ కారులో వెళ్ళిపోయారు. బస్సు సోమవారం దాకా లేదు. స్టేషన్ ఇంటికి పడమరగా గిన్నె బోర్లించినట్టున్న ఒక కొండ ఉంది. ఆరిపోయిన అగ్నిపర్వతమే. పైదాకా సున్నం పూసిన రాళ్ళతో బాట గుర్తులు పెట్టారు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి కొండెక్కి వస్తానని మొయిరాకు చెప్పాను. లావుగా, ఎర్రటి చేతులతో, రేడియోలో పాటలకు గొంతు కలుపుతూ పిండి పిసుకుతోంది ఆవిడ. "లంచ్‌కి వచ్చేస్తావా లవ్? ఉంటావంటేనే నీకు ప్లేటు పెడతాను" అంది. అందరినీ లవ్ అనే పిలుస్తుంది. పన్నెండుకల్లా వచ్చేస్తానన్నాను. రెండు బిస్కెట్లు, ఒక ఆరెంజి నా స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఒక సీసా నీళ్ళు తీసుకున్నాను. ఒక్కటే.

ఎక్కడం కష్టం కాలేదు. కాళ్ళ కింద కాలిన ఇటుకముక్కల్లాంటి తేలిక రాళ్ళు జారుతుంటాయి, గట్టి బూట్లుంటే చాలు. పైకి చేరాక కొండ మధ్యలో లోతైన పళ్ళెంలాంటి గుంట, దాని అడుగున గడ్డి మేస్తున్న మూడు కంగారూలు. నిప్పులు చిమ్మిన నోరు అది. చుట్టూ చూస్తే దూరదూరంగా అలాంటి కొండలే, అన్నీ ఆరిపోయినవే, ఒకదానికొకటి అందనంత ఎడంగా. అంచు మీద కూర్చుని నేను పైకే మాట్లాడటం మొదలుపెట్టాను. "చూశావా సునీతా, ఇదిగో, ఇక్కణ్ణించే వచ్చింది నిప్పంతా." మాటలు బాగానే వచ్చాయి. చాలాసేపు మాట్లాడాను. ఎదురు జవాబు రాకపోవడం మెల్లగా అర్థమై, ఆపేశాను.

అక్కడితో దిగి వచ్చేసి ఉంటే ఈ పోస్టు ఇక్కడితో ముగిసేది. కాని కొండకు అవతలి వైపు నల్లటి లావా మైదానం కనబడింది, దానిలో ఒక ఆకుపచ్చ గీత. కూలిన గొట్టం అయ్యుంటుంది, దగ్గరే ఉంది, వెళ్ళి చూసి కొండ చుట్టూ తిరిగి వచ్చేయొచ్చు అనుకున్నాను. జేబులో దిక్సూచి ఉందన్న ధైర్యం ఒకటి. అవతలి వైపు గుర్తుల రాళ్ళు లేవు.

కిందకు దిగాక ఆ గీత కనబడలేదు. పైనుంచి చదునుగా కనబడిన నేల నిజానికి తలకాయలంత నల్లరాళ్ళ కుప్పలు, వాటిని కప్పేస్తూ నడుమెత్తు ఎండుగడ్డి. ప్రతి అడుగూ తడిమి వేయాలి. అరగంట నడిచి వెనక్కి తిరిగితే గిన్నె బోర్లించినట్టున్న కొండలు రెండు కనబడ్డాయి. ఏది నాదో తెలియలేదు. దిక్సూచి తీశాను. ముల్లు ఒకవైపు చూపించింది. దాన్ని ఒక బండ మీద పెట్టి చూస్తే ఇంకోవైపు తిరిగింది. పది అడుగులు వేసి చూస్తే మరోవైపు. అప్పుడు పట్టింది భయం. భయంలో తొందరపడ్డాను, తొందరలో కాలు రాళ్ళ మధ్య మడతపడింది.

చీలమండ చూస్తుండగానే వాచింది. నీళ్ళు అయిపోయాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. లేచి కుంటుతూ ఇంకొంత దూరం నడిచాను. తలనొప్పి మొదలైంది, మెడ మీద చెయ్యి పెట్టుకుంటే చెమట తక్కువగా ఉంది. వార్డులో ఎండదెబ్బ తగిలినవాళ్ళను ఎంతమందిని చూసి ఉంటాను! ఇంకొకరైతే ఏం చెబుతానో అదే నాకు నేను చెప్పుకున్నాను. నడవకు. నీడలోకి వెళ్ళు. కదలకు. బోడిగా ఉన్న ఒక చెట్టు కింద చేరి, చున్నీ విప్పి నీడ కోసం కొమ్మకు కట్టాను. ఆరెంజి తొనలు ఒక్కొక్కటే చప్పరించాను.

అక్కడ కూర్చున్నాక వచ్చిన ఆలోచన చావు గురించి కాదు. నేను టూంగాబీలో ఉన్నానని మా ఆయన అనుకుంటున్నారు. టూంగాబీలో నేను లేనని ఎవరికీ తెలియదు. తలుపు ఎన్నాళ్ళు మూసి ఉంటే ఎవరు తడతారు? లీల వచ్చేది ఇంకో నెలకు. ఈ దేశంలో ఏడాదిన్నరగా ఎందరికో ఒళ్ళు తుడిచాను, మందులు వేశాను, చేయి పట్టుకుని నడిపించాను. ఒక పొద్దున నేను లేకపోతే తేడా గమనించగల మనిషి వాళ్ళలో ఒక్కరూ లేరు. ఏడుపొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా పెద్దగా లేవు.

ఎంతసేపయిందో తెలియదు, నీడ పక్కకు జరిగింది, నేనూ జరిగాను. అప్పుడు ఎక్కడో బండి హారను వినబడింది. అరవబోతే గొంతు పెగల్లేదు. ఖాళీ టిఫిను డబ్బా తీసి బండకేసి కొట్టాను. అది ఖంగుమంది. కొడుతూనే ఉన్నాను. హారను ఆగింది, మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా. చివరికి గడ్డిలోంచి కెన్ టోపీ కనబడింది.

నీళ్ళు గుక్కగుక్కగా తాగించాడు. నా చేతిలోని దిక్సూచి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ రాళ్ళనిండా ఇనుమే. ఇక్కడ దీన్ని నమ్మకూడదు. నీకు నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు, సారీ" అన్నాడు. తర్వాత, "కూర్చుని ఉండబట్టి దొరికావు. నడుస్తూ ఉంటే ఇంకా దూరం పోయేదానివి" అన్నాడు. తన భుజం మీద బరువు వేయించుకుని జీపుదాకా నడిపించాడు.

మొయిరా వాకిట్లో నిలబడి ఉంది. "పన్నెండన్నావు! పన్నెండున్నరకు నీ ప్లేటు మీద ఈగలు తప్ప ఎవరూ రాలేదు. ఒంటిగంటకి కెన్‌ని తరిమాను" అని కేకలేసింది. కేకలేస్తూనే నా కాలు బకెట్లో పెట్టి చన్నీళ్ళు పోసింది. ఆ తిట్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. కాస్త తేరుకున్నాక, "నీవాళ్ళెవరికైనా ఫోన్ చేయాలా లవ్?" అంది. ఆ ప్రశ్నకు ఏడ్చాను. ఈసారి నీళ్ళు బాగానే వచ్చాయి.

నెలకు రెండు ఆదివారాలు ఏలూరులో మా పాస్టరుగారింటికి ఫోన్ చేయడం మాకు అలవాటు. గుడయ్యాక మా ఆయనా పాపా అక్కడే కూర్చుని ఉంటారు. ఆ రోజు కూడా మా ఆదివారమే. సాయంత్రం ఆరు దాటాక స్టేషన్ ఆఫీసు గదిలోంచి కలిపాను. మొదట పాప మాట్లాడింది, పళ్ళూడిన సంగతి చెప్పింది. తర్వాత ఆయన.

"కరుణా, ఎలా ఉన్నావ్?"

ఏడాదిన్నరగా ఆ ప్రశ్నకు నా జవాబు ఒకటే, బాగానే ఉన్నానండీ అని. ఆ రోజు నోరు తిరగలేదు.

"బాలేనండీ."

ఆయన మెల్లగా, "ఎప్పట్నుంచి?" అన్నారు.

"వచ్చిన కాణ్ణుంచీ."

"ఇక్కడా అంతేనే. నువ్వు బాగున్నానంటన్నావని నేనూ బాగున్నానంటన్నా" అన్నారు. "ఎక్కడున్నావిప్పుడు? చెప్పు. మొత్తం చెప్పు."

మొత్తం చెప్పాను. కంగారు పడ్డారు, కోప్పడ్డారు, కాలికి కట్టు ఎలా కట్టానో రెండుసార్లు అడిగారు. అవి మేము పెళ్ళయ్యాక మాట్లాడుకున్న మాటల్లో అన్నిటికంటే నిజమైనవి అనిపిస్తుంది నాకు.

సోమవారం కెన్ నన్ను బస్సెక్కించాడు. వీసాలు ఆ తర్వాత ఇంకో ఎనిమిది నెలలకు గాని రాలేదు. ఆ ఎనిమిది నెలలూ అంతకుముందంత ఒంటరిగానే ఉన్నాను, ఒక్క కొండ ఎక్కి దిగినంత మాత్రాన ఒంటరితనం తీరిపోదు. తేడా ఒక్కటే. బాగాలేని రోజున బాగాలేదని చెప్పాను, ఆయనా చెప్పారు. మేమిద్దరం వేర్వేరు దేశాల్లో ఒకే బరువు మోస్తున్నామని తెలిశాక ఆ బరువు తగ్గలేదు గాని, మోయడం తేలికైంది. ఆ నల్లరాళ్ళ నేల నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. భయం వేయదు. లక్షల ఏళ్ళుగా ఆ కొండలు దేన్నీ ఎవరితోనూ చెప్పుకోకుండా అలాగే నిలబడి ఉన్నాయి. మనుషుల వల్ల అయ్యే పని కాదది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: మే నుంచి ఆగస్టు మధ్యలో, ఎండ తక్కువగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఎప్పుడు వెళ్ళినా, ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో అక్కడున్న ఒక మనిషికి చెప్పి, ఆ మనిషి తలూపాకే గడప దాటండి.