హాస్టలు బొంతలకు గుడ్డ వెతికిన చలికాలం

1978 జూన్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ప్రభుత్వ బాలికల హాస్టలుకు మేట్రన్‌గా బదిలీ చేశారు. మేట్రన్ అంటే పేరుకు పర్యవేక్షకురాలు. పనిలో దిగితే గుమస్తా, నర్సు, తగవులు తీర్చే పెద్దమనిషి, అన్నీ ఆమే. మాది అద్దె ఇల్లు, మంచాలు లేవు. పిల్లలు నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీదే పడుకునేవాళ్లు. ఎండాకాలం ఆ బండలు హాయిగానే ఉంటాయి. మార్గశిరం వచ్చేసరికి వాటి మీద కాలు పెట్టాలంటేనే ప్రాణం ఉసూరుమనేది.

పిల్లకొక జంపఖానా, ఒక దుప్పటి ఇవ్వాలని నిబంధన. వాటి కోసం ఇండెంటు పంపాలి, అంటే ఫలానా సరుకు కావాలని జిల్లా ఆఫీసుకు రాసుకునే కాగితం. చేరిన నెలలోనే పంపాను. గుర్తుచేస్తూ మళ్లీ రాశాను. సరఫరా అయిన వెంటనే పంపుతామని జవాబు వచ్చింది. సరఫరా ఎప్పుడవుతుందో రాసినవాళ్లకూ తెలియదు. రాసి రాసి నాకే విసుగు పుట్టింది.

డిసెంబరు మొదట్లో కోయిలకుంట్ల వైపు పల్లె నుంచి నరసింహులనే కూలీ వచ్చాడు. అతని కూతురు సుశీల మా హాస్టల్లో ఏడో తరగతి. అప్పట్లో ఏడుకు పబ్లిక్ పరీక్ష ఉండేది, అది తప్పితే చదువు ఆగినట్టే. పిల్ల దగ్గు విని తండ్రి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఏందమ్మా ఇది? ఈడ సలికి సచ్చేదానికా నా బిడ్డను పంపిచ్చింది? ఇంటికి తోల్కపోతా. శనగ పీకే పనులొస్తాండాయి, ఆ పనన్నా చేసుకుంటాది" అన్నాడు.

శనగ పీకడానికి పోయిన పిల్ల తిరిగి బడికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు. మందిప్పిస్తాను, కింద వెచ్చగా పరుపిస్తాను, నెలాఖరు సంత దాకా ఆగమన్నాను. సరేనన్నాడు గానీ మొహంలో నమ్మకం లేదు. డాక్టరు దగ్గు మందిచ్చి, పిల్లను బండ మీద పడుకోబెట్టొద్దని చెప్పాడు. పరుపు ఎక్కడి నుంచి తేవాలో ఆయన చెప్పలేదు, పాపం ఆయనకేం తెలుసు.

మనకు తెలిసిన పరుపు బొంతే కదా. కిందొక గుడ్డ, పైనొక గుడ్డ, నడుమ మెత్తగా ఏదైనా పెట్టి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే అయిపోతుంది. నడుమ ఏం పెట్టాలన్నదే సమస్య. మంచి దూది కొనే స్తోమత హాస్టలుకు లేదు. నంద్యాల జిన్నింగు మిల్లులో పనిచేసే మా చర్చి మనిషిని బతిమాలితే నేల ఊడ్చిన దూది ఒక మూటెడు ఇప్పించాడు. బస్సు మీద వేసుకొచ్చి, ఏకించి, నమూనాకు ఒక బొంత కుట్టాను. కుట్టగానే ఉతికాను. హాస్టల్లో ఒకరికి గజ్జి వస్తే వారంలో అందరికీ పాకుతుంది, ఉడకబెట్టి ఉతకడానికి వీల్లేని పక్క మాకెందుకూ పనికిరాదు. ఉతికేసరికి దూదంతా ఉండలు కట్టి ఒక మూలకు చేరింది. మూటెడు దూదీ దండగ! ఏడుపొక్కటే తక్కువ నాకు.

ఇక మిగిలింది పాత గుడ్డ. స్టోరు గదిలో చిరిగిన పాత దుప్పట్లు గుట్టగా ఉన్నాయి. ప్రభుత్వపు సొత్తు కాబట్టి పనికిరావని పై అధికారి సంతకం చేస్తే తప్ప చింపకూడదు. ఆ సంతకానికి నంద్యాలకు తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి. ఆఖరికి వచ్చింది. నాలుగు మడతలు వేస్తే నడుమ పొర దూది కన్నా నయం, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది. పైకీ కిందికీ తల్లులను తలా ఒక పాత చీర తెమ్మని కబురంపాను. చీరను రెండుగా మడిస్తే రెండు పక్కలకూ సరిపోతుంది.

నెలాఖరు సంత నాడు తల్లులు వచ్చారు. చీరలన్నీ ఒకచోట పోసి, గట్టివి కిందికి, నలిగినవి పైకి ఏరుదామని నా లెక్క. ఒక్కరూ ఒప్పుకోలేదు.

"అట్లెట్లమ్మా? బిడ్డ ఒంటికి తగిలే గుడ్డ కన్నతల్లిదే కావాల. లోపలేం పెట్టుకుంటావో నీ ఇష్టం" అంది ఒకామె.

పల్లెల్లో బొంత కుట్టే పద్ధతి అదేనట. సరే, ఎవరి చీర వాళ్ల పిల్లకే అన్నాను. అప్పుడు చూశాను, సుశీల గోడ వారగా నిలబడి ఉంది. దాని తల్లి చనిపోయి రెండేళ్లు. ఆమె చీరలు ఆచారం ప్రకారం చాకలికి ఇచ్చేశారు.

అంతలో నరసింహులు వచ్చాడు, పిల్ల బట్టలు మూటకట్టుకోమన్నాడు. ఇద్దరు ముగ్గురు తల్లులు తమ దగ్గరున్న ఇంకో చీర ఇస్తామన్నారు. అతను ఒప్పుకోలేదు.

"వద్దులేమ్మా. ఊరోళ్ల చీర నా బిడ్డకెందుకు? దానికి అమ్మ లేదు, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజుల తిప్పలన్నీ నోటికొచ్చాయి.

"అమ్మ లేకపోతే నాయన లేడా? అందరూ ఏదో ఒకటి తెచ్చినారు. నువ్వేం తెచ్చినావప్పా?" అని అందరి ముందూ అడిగేశాను.

అతను బయటికి పోయాడు. పొలిమేర దాటిపోయి ఉంటాడనుకున్నాను. తలకు చుట్టుకున్న తువ్వాలును నడుముకు కట్టుకుని, కట్టుపంచె చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు. బోరింగు దగ్గర ఉతికినట్టున్నాడు, నీళ్లు కారుతున్నాయి.

"ఇది సాలుతాదా సూడు" అన్నాడు.

తల్లులు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. స్టోరులోంచి ఒక పాత దుప్పటి తెచ్చి ఇస్తే కట్టుకుని బస్సెక్కాడు. సుశీలను తీసుకుపోలేదు.

సాయంత్రాలు పిల్లలే దబ్బనాలు పట్టుకుని కుట్టారు. సుశీల బొంత తెల్లది, కొంచెం పొట్టి. దగ్గు తగ్గడానికి సంక్రాంతి దాటింది. పరీక్ష రాసి పాసయింది. జిల్లా ఆఫీసు జంపఖానాలు ఉగాది వెళ్లాక, బండలు కాలుతున్నప్పుడు వచ్చాయి. అందాయని సంతకం చేసి లోపల పెట్టించాను.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి హాస్టల్లోనూ పిల్లను చేర్చుకునే నాడే తల్లినో తండ్రినో ఏదో ఒకటి అడిగి తీసుకునేదాన్ని, పాత గుడ్డో, చీపురో, ఒక పూట పనో. ఇదేం చోద్యమని పై అధికారులు విసుక్కునేవారు. అలా ఇచ్చినవాళ్లు పిల్లను నడుమలో తీసుకుపోవడం తక్కువని నేను గమనించాను. నరసింహులును మేము ఆ పంచె నాటి దాకా, పిల్లను చేర్చినప్పటి వేలిముద్ర తప్ప ఏమీ అడగలేదు.