మెత్తటి రాకెట్‌కు అవిసె నూనె

ఒక సీసా అవిసె నూనెతో, ఒక పాత సాక్సుతో మనిషి తన పరువు తానే ఎంత శుభ్రంగా తీసుకోగలడో మీకు తెలియకపోతే ఇది చదవండి. ఆ మనిషి నేనే. మూడేళ్లయినా పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కితే చెవులు ఎర్రబడతాయి.

మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. పక్క గదిలో మార్తా జావా చెప్పేది. గుంటూరు అమ్మాయి. అందరినీ 'గారు' అనేది, నన్నూ అనేది. నా పేరు చివర ఆ 'గారు' ఎప్పుడు ఊడిపోతుందా అని రెండేళ్లు ఎదురుచూశాను. ఒట్టు, అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కనే ఒక మేడ మీద పాడెల్ కోర్టు పెట్టారు. గాజు గోడల మధ్య, తీగలు లేని, చిల్లులున్న మందపాటి రాకెట్‌తో ఆడతారు. శనివారాలు మార్తా అక్కడే ఉండేది. ఆఫీసుల పోటీ పది రోజులుందనగా ఆమె జోడీగా ఆడే అమ్మాయికి కాలు బెణికింది.

"మీరు ఆడతారా కిరణ్ గారూ?"

"మస్తు ఆడత," అన్నాను. అప్పటికి ఆ రాకెట్‌ను ఫొటోలో కూడా చూడలేదు.

"అయితే మెత్తటిది కొనండి. గట్టిదైతే మోచెయ్యి పట్టేస్తుంది."

అమీర్‌పేట దుకాణంలో భాయ్ కూడా అదే మాట అన్నాడు. "కొత్తోళ్లకు సాఫ్టే మంచిగుంటది అన్నా. బంతి దానంతటదే ఎగురుతది."

కొన్నాను. ఆటో ఎక్కగానే అనుమానం పట్టుకుంది. మెత్తటిది కొనమందంటే నన్నేమనుకుంటోంది? బోరబండలో పెరిగినవాణ్ణి, మాకు తెలిసిన విద్య ఒకటుంది. కొత్త క్రికెట్ బ్యాటుకు అవిసె నూనె పట్టించి, సాక్సులో పాత బంతి వేసి రోజూ కొడితే రాయిలా తయారవుతుంది. రాకెట్‌కూ అదే వైద్యం మొదలుపెట్టాను.

"ఏం దంచుతున్నవ్‌రా?" అంది అమ్మ.

"రాకెట్ గట్టిగ చేస్తున్ననే."

"దుకాణంల గట్టిది లేకుండెనా?"

"ఉండె. మార్తా మెత్తది కొనమన్నది."

"మరి గట్టిగెందుకు చేస్తున్నవ్?"

మీ దగ్గర జవాబుంటే చెప్పండి. నేను మళ్లీ దంచడం మొదలుపెట్టాను.

"ప్రాక్టీసుకి రారేంటండీ?" అని మార్తా రోజూ కోర్టు నుంచి ఫోన్ చేసేది.

"రాకెట్ ఇంక తయారు కాలే. జర ఆగండి," అనేవాణ్ణి.

పోటీ రోజు మొదటి బంతి నా వైపే వచ్చింది. పది రోజుల కష్టమంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టాను. ఫట్! రాకెట్ ముఖం లోపలికి కూలింది. చిల్లుల్లోంచి నూనె చిమ్మి మార్తా తెల్ల చొక్కా మీద పడింది.

"ఏం చేశారు దీన్ని?"

"గట్టిగ చేసిన. నూనె పెట్టి, పది దినాలు కొట్టిన."

ఆమె నన్ను చూసింది, రాకెట్‌ను చూసింది, కోర్టులోనే చతికిలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ అంది: "కిరణ్! నీకేమైనా పిచ్చా?"

'గారు' లేదు. 'మీరు' కూడా లేదు! మేము ఓడిపోయాం, నేను మాత్రం కప్పు అందుకున్నవాడిలా నిలబడ్డాను.

సోమవారం ఉదయం: "కిరణ్ గారూ, ప్రొజెక్టర్ రిమోట్ మీ దగ్గరుందా?"

రెండు నెలలకు పుణెలో ఉద్యోగం వచ్చి మార్తా వెళ్లిపోయింది. ఆ రోజు చెప్పాల్సిన మాట ఒకటుండగా, "జాగ్రత్తగ పోయిరండి," అన్నాను. ఇప్పటికీ ఆ పక్క గది ముందు నుంచి నడవలేను, వెనక మెట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాను. ఆమె మీద అంత బెంగ.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. బతికుండగా మరే రాకెట్‌కూ నూనె పట్టించను, సాక్సుతో కొట్టను. అయితే మార్తా వచ్చి 'గారు' లేకుండా 'నీకేమైనా పిచ్చా' అని ఇంకొక్కసారి అంటానంటే మాత్రం, సీసాలో సగం నూనె మిగిలే ఉంది.