గాజులు తొడిగే చెయ్యి

జనగామ అంగడి వీధిలో సోమనర్సయ్య గాజుల కొట్టంటే ఆడవాళ్ళకు భరోసా. ఎంత బిరుసు చెయ్యయినా మాటల్లో పెట్టి, బొటనవేలి కింద మెల్లగా నొక్కి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు. భార్య యాకమ్మ మీద ఏనాడూ గొంతు పెంచలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడు అందరితో పాటు తనూ రైలు పట్టాల మీద కూర్చున్నాడు. ఇంజను వస్తోందని ఎవరో అన్నారు. జనం ఒక్కసారిగా లేచారు. ఆ తోపులాటలో సోమనర్సయ్య బోర్లా పడ్డాడు, నుదురు ఇనుప పట్టాకు కొట్టుకుంది. వరంగల్ దవాఖానలో కొన్నాళ్ళుండి, తన కాళ్ళ మీద తనే నడిచి ఇంటికొచ్చాడు. గండం గడిచిందనుకున్నారంతా.

తర్వాత ఓ పూట కూరలో ఉప్పు తగ్గిందని కంచం గోడకేసి కొట్టాడు. కొట్టిన మరుక్షణమే కింద కూర్చుని మెతుకులు ఏరసాగాడు. అప్పట్నుంచీ అంతే. కోపం వచ్చేముందు ఆనవాలుండదు. బూతు నోరు దాటాకే అది తన నోట్లోంచి వచ్చిందని తెలిసేది.

తండా నుంచి జమ్లీ వచ్చింది. తమ్ముడి పెళ్ళికి గాజులు కావాలంది. ఏళ్ళుగా అతని దగ్గరే వేయించుకునే మనిషి.

"జర మెల్లగ అన్నా, నొస్తంది" అంది.

ఆ మాటకు అతని వేళ్ళు బిగుసుకున్నాయి. బిగుసుకోవడం అతను చూస్తూనే ఉన్నాడు. గాజు పగిలి ముక్కలు మణికట్టులో దిగాయి. జమ్లీ అరవలేదు, అతని మొహంకేసి చూసింది.

యాకమ్మ మళ్ళీ వరంగల్ తీసుకుపోయింది. డాక్టర్ స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు.

"నుదుటి వెనక మెదడు దెబ్బతిన్నది. కోపాన్ని పట్టి ఆపేది ఆ భాగమే. ఇదంతా మీరు కావాలని చేస్తున్నది కాదు."

"విన్నవా, తప్పు నీది కాదంట" అని యాకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సోమనర్సయ్య ఆ ఫిల్మునే చూస్తున్నాడు. "మరి దెబ్బ తాకకముందు అందరితోని మంచిగున్న గద సారూ. గప్పుడున్నది నేనేనా? గదీ గీ మెదడు చేసిన పనేనా?"

డాక్టర్ ఫిల్ము బల్ల మీద పెట్టాడు. "దాని మీద శాస్త్రవేత్తలకే ఇంకా తగవు తెగలేదు. నేను చేస్తానని మనిషి అనుకునేలోపే మెదడులో కదలిక మొదలవుతుందని కొందరు చూపించారు. మొదలైనదాన్ని ఆపుకునే శక్తయినా మనిషికి ఉంటుందని ఇంకొందరంటారు."

"నాకు గా ఆపేదే పాయె గద సారూ."

డాక్టర్ తలవంచి గోళీలు రాశాడు.

బస్సులో యాకమ్మ మనసు కుదుటపడి నిద్రపోయింది. అతనికి కునుకు పట్టలేదు. తప్పు తనదైతే జమ్లీ కాళ్ళు పట్టుకోవచ్చు. తనది కాకపోతే ఏమని అడగాలి? అయినా తండాకు పోయాడు.

"నువ్వు కావాలని చేసినవా అన్నా, పోనియ్యి" అంది జమ్లీ. చాయ్ తెచ్చింది. గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది.

కొట్టు యాకమ్మ చేతికొచ్చింది. అతను లోపల కూర్చుని గాజులు సైజులవారీగా సర్దేవాడు. గోళీలతో కోపం తగ్గింది కానీ పోలేదు. మనిషి మగతగా ఉండేవాడు.

రాష్ట్రం వచ్చిందన్న రోజు వీధంతా డప్పులు, గులాల్.

"పోయి రాపో. గిందుకే గద పట్టాల మీద కూసున్నవు" అంది యాకమ్మ.

లేచి గడప దాకా వచ్చాడు. ఎవరైనా చెంపకు రంగు పూస్తే తన చెయ్యి ఏం చేస్తుందో అతనికి తెలియదు. వెనక్కి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"నేనే ఆగిన్నా, గోళీ ఆపిందా?"

"ఏమో" అంది యాకమ్మ. వీధిలోంచి చిటికెడు గులాల్ తెచ్చింది. అతను రెండు చేతులతో బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాక, బెదురుబెదురుగా అతని నుదుట పెట్టింది.