పారాణి పండని పసుపు గోలీలు

మా చిన్నతనంలో... పసుపు ఉడకబెట్టే రోజులొస్తే రుద్రూర్ పక్కన మా ఊరంతా ఒకటే వాసన. పొలం గట్టున పెద్ద కడాయి, దాని మీద పసుపాకుల కప్పు, కింద చెరకు పిప్పి మంట. ఉడికిన కొమ్ములను కళ్లంలో ఆరబోస్తే మేం పిల్లలం వాటి మధ్యే తిరిగేవాళ్లం. ఎంత కడిగినా పాదాల పచ్చదనం పోయేది కాదు.

మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, ఆ కొమ్ముల్లో మంచివి ఏరి వేరే గంపలో పోసేది. అవి అమ్మకానికి కాదు, ఆమె తమ్ముడు రాజన్నకు. ఆయన్ను మేం చిన్నతాత అనేవాళ్లం. వాళ్ల తల్లి పోయినప్పుడు ఆయన పాలు తాగే పిల్లవాడట. అవ్వే చంకన వేసుకుని పెంచింది. పెద్దయ్యాక బోధన్‌లో ఉండేవాడు. మా పసుపు తీసుకుపోయి, దంచి, మిరియాలూ బెల్లమూ కలిపి కీళ్ల నొప్పులకు గోలీలు చేసి తెచ్చేవాడు...

అవ్వకు మోకాళ్లు పట్టేసేవి. నాట్ల బురదలో దిగీ దిగీ వచ్చిన నొప్పి. కూర్చుంటే లేవలేదు, లేస్తే గోడ వదలలేదు. పొద్దుగూకితే నేను ఆమె కాళ్లు నొక్కేదాన్ని. చిన్నతాత గోలీలు మొదలుపెట్టాక ఒకనాడు నా చేతులు మెల్లగా పక్కకు జరిపింది.

"ఇగ సాలు బిడ్డ. నొప్పి తగ్గింది. పోయి ఆడుకో."

నాకెంత సంతోషమో... ఎగురుకుంటూ పోయాను.

అవ్వ ఆ మాట వాడంతా చెప్పింది. "మా తమ్ముని సేతిల ఏదో ఉన్నది" అనేది. ఆమె అబద్ధమాడదని అందరికీ నమ్మకం. ఎదురింటి లచ్చవ్వకు వేళ్లు వాచి జొన్నరొట్టె కొట్టడం కూడా రాకుండా పోయింది. ఆమె కూడా చిన్నతాత దగ్గర గోలీలు కొనడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకా కొందరు.

ఒకసారి నేనూ పక్కింటి పోశమ్మా బొమ్మల పెళ్లి చేస్తున్నాం. పెళ్లికూతురి కాళ్లకు పారాణి కావాలి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పండుతుందని ఏ ఇంటి ఆడపిల్లకైనా తెలుసు. మా అమ్మ పసుపు డబ్బా ముట్టనివ్వలేదు. అవ్వే జాలిపడి, విరిగిన గోలీ ఒకటి, తన తమలపాకుల సంచిలోంచి కొంచెం సున్నం ఇచ్చింది.

నూరాం. పైపైన కాస్త ఎరుపు తేలింది. లోపలి ముద్ద మాత్రం పచ్చగానే ఉండిపోయింది. ఇంకొంచెం సున్నం వేశాం... అంతే.

"మీ పసుపు ఉత్తదే," అంది పోశమ్మ. "పెండ్లిపిల్ల కాళ్లకు గోడమట్టి వూసినట్టున్నది."

అవ్వ మా దగ్గరికి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఇంకో గోలీ తీసి, తన అరచేతిలోనే నలిపి సున్నంతో రుద్దింది. "బెల్లం గలిసినా ఎర్రగ గావాలె గదా..." అని తనలో తానే అనుకుంది. పైన పసుపు అద్ది, లోపలంతా గోడలకు పూసే పచ్చమట్టి. చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు అట్లాగే కూర్చుంది.

అంగడి నాడు చిన్నతాత వచ్చేసరికి లచ్చవ్వ మా అరుగు మీద ఎదురుచూస్తూ ఉంది.

"వచ్చిండమ్మా మా దవాఖాన. అక్కకేమో లావు గోలీలు, మాకేమో మిరపగింజలంతయి."

"నువ్వు సుత నన్ను సంకనేస్కోని పెంచితే నీకూ లావుయే ఇద్దును లచ్చక్కా," అని ఆయన నవ్వుతూ సంచి దించాడు.

అవ్వ నవ్వలేదు. ఆ సంచిలోదే ఒక గోలీ తీసి, ఇద్దరి ముందూ సున్నంతో రుద్ది, అరచెయ్యి చాపింది.

"గిదేంది తమ్ముడా?"

ఆయన ఆ చేతి వంక చూశాడు. తర్వాత లచ్చవ్వ వంక చూశాడు.

"నా పసుపు ఏడవోయింది?"

"నిజామాబాద్ సేటు మంచి కొమ్ములడిగిండు..." అని గొణిగాడు. అంతలోనే గొంతు పెంచాడు. "అయినా నీ నొప్పి తగ్గింది గదక్కా. ఊరంత నువ్వే సెప్పినవ్. దేంతోని తగ్గితేంది?"

"తగ్గలేదురా. ఒక్కనాడు సుత తగ్గలే. నా తమ్ముడు నా కోసం దంచి తెస్తున్నడని తగ్గిందన్న."

లచ్చవ్వ వాచిన వేళ్లు అరుగుకు ఆనించి లేచింది. "నేను నిన్ను జూసి మింగిన అక్కా, ఆయన్ను జూసి గాదు," అని వెళ్లిపోయింది.

అవ్వ ముఖం అట్లా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడి మోసాన్ని తట్టుకుని నిలబడ్డ మనిషి, ఆ మాటకు గోడకు ఆనుకుంది. నేను గడపలోనే ఉండిపోయాను. నన్ను ఆడుకోమని పంపిన సాయంత్రాలన్నీ ఆమె నొప్పితోనే కూర్చుందన్నమాట... చిన్నతాత మీద వచ్చిన కోపం ఎంతో, అవ్వ మీదా అంతే వచ్చింది. అది ఎవరితోనూ చెప్పలేదు.

ఆ తర్వాత చిన్నతాత రాలేదు. అవ్వ పిలవనూ లేదు. లచ్చవ్వ మాట్లాడింది గానీ, ఏ మందు గురించీ అవ్వను మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో కాపురం ఉంటున్నాను. మా అత్తమ్మ మోకాళ్లకు స్టేషన్ దగ్గరి దుకాణం నుంచి పసుపు గోలీలు వస్తాయి. గాజు సీసా, దాని మీద రంగు బొమ్మ. చేసినవాడి ముఖం మాకు తెలియదు. అది ఉత్తదని తేలితే సీసా పారేస్తాం, అంతే. మా అవ్వ ఎవరిని పారేస్తుంది?

"తగ్గింది" అంటుంది అత్తమ్మ, మా ఆయన సీసా తెచ్చినప్పుడల్లా. నిజమేనా అని అడగడానికి నాకు నోరు రాదు. అందుకే ఈ పత్రికలో మిమ్మల్ని అడుగుతున్నాను అక్కలారా... తెచ్చినవాళ్ల ముఖం చిన్నబోకూడదని నొప్పి దాచుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉందా? మీకెట్లా తెలిసింది?