రెండంగుళాల పని

అరబ్బు దేశంలో, అల్ మన్సూరాలోని ఆ లేబర్ సప్లై కంపెనీలో ప్రోగ్రామర్ల పనిని చెక్క స్కేలుతో కొలిచేవారు. 1998 నాటి మాట. ప్రతి గురువారం మేనేజరు ఆనందరావు ఒక్కొక్కరి ప్రింటవుట్ల కట్ట పక్కన స్కేలు నిలబెట్టేవాడు. రెండంగుళాలకు తగ్గితే ఆ ప్రోగ్రాం కంప్యూటర్లోకి ఎక్కదు.

కాకినాడ సుధాకరరావు కూడా మిగతా ఇద్దరు ప్రోగ్రామర్లలాగే అంగుళాలు నింపేవాడు. కార్మికుల కాగితాలు నలభై రెండు రకాలు. ఒకదానికి రాసిన జావా కోడునే మిగతావాటికీ అతికించి పేర్లు మార్చడమే పని. ఎవరో ఎప్పుడో ఒక వరస తప్పుగా అతికించారు. పాస్‌పోర్టు గడిలో బతాకా, అదే గుర్తింపు కార్డు, నంబరు పడుతోంది. గుమస్తా వైటనర్ పూసి దిద్దేవాడు. ఆ నెల నుంచి దిద్దిన కాగితాలు చెల్లవన్నారు ఇమిగ్రేషన్ ఆఫీసువాళ్ళు.

మంగళవారం జగిత్యాల మేస్త్రీ రాజన్న సంచీతో సహా వచ్చి నిలబడ్డాడు.

"మల్ల వాపస్ పంపిండ్రు సార్. మొన్న ఎగ్జిట్ కాగితం తప్పన్నరు, మీరు సక్కజేసిండ్రు. ఇయ్యాల లీవు కాగితంల గదే తప్పంటున్రు. నాయన పోయి ఏడు దినాలాయె. శనివారం పదకొండోది."

సుధాకరరావు వెతికాడు. అదే తప్పు ఇంకా పంతొమ్మిది ఫైళ్ళలో ఉంది. అందులో ఆరు తన చేత్తో అతికించినవే. ఒళ్ళు మండిపోయింది. ఒక్కొక్కటీ దిద్దడం మానేసి అసలు అతికింపునే తీసెయ్యాలనుకున్నాడు.

అంతకు ముందు ఏడాదే జావాలోకి రిఫ్లెక్షన్ అనే సదుపాయం వచ్చింది. నీలో ఏయే గళ్ళున్నాయని ప్రోగ్రామే ప్రతి ఫారాన్నీ అడిగి, పేరు కలిసిన వివరాన్ని ఆ గడిలో వేస్తుంది. దాంతో రాస్తే నలభై రెండు ఫైళ్ళ పని మూడు కాగితాల్లో తేలిపోయింది.

"ఏంటయ్యా ఇది, పెళ్ళి శుభలేఖా?" అన్నాడు ఆనందరావు గురువారం పొద్దున.

"అన్ని ఫారాలకూ ఇదొక్కటే చాలండి. అతికించే పనే లేదు."

"మిగతా ఇద్దరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? పైనున్న ముదీర్‌కి ఈ మూడు కాగితాలు చూపించనా? రెండంగుళాలు తే, ఎక్కిద్దాం."

"రాజన్న విమానం రేపండీ."

"వచ్చే వారం కూడా విమానాలుంటాయి."

"పదకొండో రోజు ఉండదండి."

ఆనందరావు స్కేలు సొరుగులో పెట్టేశాడు.

సుధాకరరావు పళ్ళు కొరుకుతూ ఇంకో పన్నెండు వరసలు రాశాడు. ఈసారి ప్రోగ్రాంని, ప్రతి ఫారాన్నీ గళ్ళ పేర్లు అడిగి, పాత పద్ధతిలో అతికించినట్టే కోడు అచ్చువేయమన్నాడు. ప్రింటరు గంటన్నర గోలపెట్టింది. కట్ట తెచ్చి బల్ల మీద దభీమని పడేశాడు.

మూడుంపావు అంగుళాలు. ఆనందరావు ఒక్క వరస చదవలేదు.

"చూశావా, ఒళ్ళొంచితే అవుతుంది," అని సంతకం పెట్టాడు.

కంప్యూటర్లోకి ఎక్కింది మాత్రం ఆ మూడు కాగితాల ప్రోగ్రామే. మధ్యాహ్నానికి రాజన్న కాగితాలన్నీ శుభ్రంగా వచ్చాయి. సుధాకరరావు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూసి ఇచ్చాడు.

"గింతదానికి ఇన్ని దినాలా సార్?" అన్నాడు రాజన్న.

సుధాకరరావు లోపలికెళ్ళి పాత ఫైళ్ళు చెరపడం మొదలుపెట్టాడు. ముందు తనవి ఆరూ.